విరిగిన కాలుతో కొట్టిన రైతు

నా చిన్నప్పుడు సూర్యాపేట బడిలో ఒక సరైన జవాబుకు దెబ్బలు తిన్నాను. ఇంత వయసొచ్చినా ఆ కోపం చల్లారలేదు.

నిజాం పాలన పోయి, బడిలో ఉర్దూ స్థానంలో తెలుగు వస్తున్న రోజులవి. ఇంగ్లీషు పంతులుగారు నల్లబల్ల మీద 'ది ఫార్మర్ హిట్ ది థీఫ్ విత్ ఎ స్టిక్' అని రాసి తెలుగులో చెప్పమన్నారు. 'కర్ర పట్టుకున్న దొంగను రైతు కొట్టాడు' అన్నాను. ఆయన లెక్కలో విత్ అంటే 'తో'. కాబట్టి కర్ర రైతుదే, అతను దొంగను కర్రతో కొట్టాడు, అంతే. నా అరచేతులు కమిలేలా బెత్తంతో బాది, "గరిటె తిప్పే చేతులకు ఇంగ్లీషెందుకు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఏడవకూడదని పళ్లు బిగబట్టాను. ఇంట్లో నాన్న కూడా ఆ మాటే పట్టుకుని, "ఇగ బడి చాలు" అన్నారు.

పక్కింటి అక్క మిర్యాలగూడ మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. అప్పుడు సెలవుకు వచ్చి ఉంది. నా చేతులు చూసి, జరిగింది విని మండిపడింది. "నీ జవాబు తప్పు గాదు బిడ్డా. ఆ వాక్యానికి రెండర్థాలున్నయి. రేపు నేనొస్త పా" అంది. నాన్నను కూడా వెంట రమ్మంది.

మర్నాడు నాన్నను వెంటబెట్టుకొచ్చి, క్లాసు గుమ్మంలో నిలబడి, ఎంతో వినయంగా, "పంతులుగారూ, ఒక వాక్యం జర తెలుగుల చెప్పుండ్రి" అంది. లోపలికొచ్చి నల్లబల్ల మీద నిన్నటి వాక్యమే రాసి, 'స్టిక్' బదులు 'బ్రోకెన్ లెగ్' అని పెట్టింది. పంతులుగారు తన పద్ధతిలోనే అందుకున్నారు. "రైతు దొంగను విరిగిన కాలుతో..." అని ఠక్కున ఆగిపోయారు.

"ఇరిగిన కాలుతోని ఎట్ల కొట్టిండు సార్? కాలు ఇరిగింది దొంగకు గదా! మరి కర్ర దొంగ చేతిల ఎందుకుండొద్దు?" అంది అక్క.

క్లాసు గొల్లుమంది. "రెండు తీర్ల చెప్పొచ్చు" అని ఆయన గొణిగారు, నాతో కాదు, నల్లబల్లతో. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. వాచిన నా చేతుల వైపు కన్నెత్తి చూడనైనా లేదు. నాన్న మాత్రం దారిలో, "రేపటి సంది బడికి పో" అన్నారు.

చదివాను. కోదాడలో పంతులమ్మనయ్యాను. పిల్లల జవాబు ఎంత వింతగా ఉన్నా, "ఎట్లనుకున్నవ్ బిడ్డా?" అని అడిగాకే తప్పో ఒప్పో చెప్పాను. ఆ ఒక్క మాట అడగడానికి ఆ పెద్దమనిషికి ఏం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.