ఎటెళ్తాదో సూద్దారి

మా మేనత్తకి కేన్సర్ వైద్యం పూర్తయ్యేక, అది మళ్లీ తిరగబెడుతుందో లేదో డాక్టర్లు కూడా చెప్పలేకపోయేరు. ఆవిడ గేర్ల సైకిలు కొనుక్కుని, నన్ను నా సైకిలుతో సహా తోడు తీసుకుని అనకాపల్లి నుంచి రాజమండ్రి బయల్దేరింది.

నక్కపల్లి దాటేక హైవే వదిలేసి, సరుగుడు తోటల్లోకి మట్టిదారి పట్టింది.

"ఎక్కడికత్తా? మేప్‌లో ఈ దారి లేదు," అన్నాను భయంగా.

"లేకపోతే మరీ మంచిది. ఎటెళ్తాదో సూద్దారి, రావే!"

తెలియని మలుపు కనిపిస్తే చాలు, ఆవిడ మొహం వెలిగిపోయేది.

ఆ దారి సముద్రం దగ్గర ఆగిపోయింది. వల బాగుచేసుకుంటున్న జాలరిని, "బాబూ, ఈ ఒడ్డెంట సైకిలు మీద రాజమండ్రి వైపు ఎల్లొచ్చా?" అని అడిగింది అత్త.

"ఏమోనమ్మా, ఎల్లినోళ్లని నాను సూళ్లేదు," అని నవ్వేడాయన.

ఆ మాట వింటూనే అత్త చెప్పులు విప్పి హేండిలుకి తగిలించింది. నేనూ విప్పేను.