నాలుగింటి దాకా ఆగని వార్త

సెమినార్ల వార్తలు మేము మధ్యాహ్నానికే రాసి పంపేవాళ్లం. మార్కాపురం విలేకరులందరిదీ అదే పద్ధతి. మా ప్రాంతం పేజీ అన్నిటికన్నా ముందు ముగించేవారు కాబట్టి, సాయంత్రం జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు రాయడం అలవాటైపోయింది. నిర్వాహకులు పొద్దున్నే ప్రెస్ నోట్ చేతిలో పెడతారు. వక్తలు దాదాపు అందులో ఉన్నదే మాట్లాడతారు. ఇన్నేళ్లలో ఆ పద్ధతి నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పడింది ఇంకొకరు.

కొన్నేళ్ల కిందటి మే నెల అది. ఒక క్రైస్తవ సంస్థ తన పల్లె బడుల టీచర్లకు చర్చి హాల్లో మూడు రోజుల శిక్షణ పెట్టింది. మొదటి రోజు బోధన, రెండో రోజు పిల్లలకు బైబిలు చెప్పే తీరు, చివరి రోజు నాయకత్వం. నేను వెళ్లింది చివరి రోజు.

హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకుడు టీచర్లను జంటలుగా విడదీసి, ఒకరి కళ్లకు చేతిరుమాలు కట్టించి, రెండోవారిని చేయి పట్టి నడిపించమన్నాడు. ఆవరణ నిండా ఎండ.

"కాళ్లు కాల్తన్నాయే, యాడికి తీసకపోతన్నావ్?" అంది కళ్లకు గంతలున్న ఒక టీచరు.

"నీడకే పోతన్నాంలే వదినా, నోరు మూసుకొని రా. ఇప్పుడు నేను లీడర్ని" అంది చేయి పట్టుకున్నామె.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రశ్న అడిగేవాడే నాయకుడని శిక్షకుడు చెబితే, ఆ చేయి పట్టుకున్నామె పుస్తకంలో రాసుకుంది.

ఆ టీచరమ్మ నాకు తెలుసు. దొనకొండ వైపు పల్లెలో, చర్చి పక్కన రెండు గదుల బడి. మూడు తరగతులకూ తనే టీచరు. పొద్దున ప్రార్థన, ఒక బైబిలు వాక్యం, తర్వాత ఎక్కాలు. పిల్లలందరూ కూలికిపోయే ఇళ్లవాళ్లు.

టీ దగ్గర ఆమె నా పక్కకొచ్చి నిలబడింది.

"అన్నా, సాయంత్రం దాకా ఉంటావు గదా? మా బడి తీసేసి టౌన్ బడిలో కలుపుతారంట. నాలుగింటికి మమ్మల్ని మాట్లాడమంటారంట. నేను అడగాల. పేపరాయన కూర్చోనుంటే అయ్యగారు కొంచెం ఆలోచిస్తాడు."

అయ్యగారంటే పాస్టరు, ఆ సంస్థ బడులన్నిటికీ పెద్ద.

"ఉంటాలేమ్మా" అన్నాను.

ప్రెస్ నోట్ చివరి వాక్యం ఇది: చిన్న బడులను పట్టణంలోని ఇంగ్లీషు మీడియం బడిలో కలపాలన్న నిర్ణయాన్ని ఉపాధ్యాయులు ఏకగ్రీవంగా స్వాగతించారు. అది చదివాను. కొట్టేయవచ్చు. కొట్టేస్తే ఎవరూ అడగరు కూడా. అయినా చేతికి అలవాటైన పని చేతిని ఆగనివ్వలేదు. ఫోన్లో మొత్తం టైపు చేసి పంపి, కోడికూరతో భోజనం చేశాను. మాటిచ్చాను కాబట్టి సాయంత్రం దాకా కూర్చున్నాను.

నాలుగింటికి ఆమె లేచింది.

"వందనాలు అయ్యగారూ. మా పిల్లోళ్లు బస్సెక్కాలంటే మూడు కిలోమీటర్లు నడిచి రోడ్డు మీదికి రావాల. అమ్మానాయనలు తెల్లారకముందే పనికి పోతారు. మగపిల్లోళ్లు ఎట్లనో పోతారు. ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? ప్రశ్న అడగమని పొద్దున సారే చెప్పినాడు, అందుకే అడుగుతన్నా."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకో నలుగురు లేచి, "మా ఊర్లోనూ అంతే" అన్నారు.

"మంచి మాటమ్మా. ప్రార్థనలో పెడదాం" అని అయ్యగారు మైకు పక్కనపెట్టాడు.

నేను బయటికొచ్చి పత్రికాఫీసులో డెస్కుకు ఫోన్ చేశాను. పేజీ అప్పటికే అచ్చుకు వెళ్లిపోయింది. జరిగింది రాసి మర్నాడు పంపాను. ఒక నాయకుడి పర్యటన వచ్చిపడి దానికి చోటు దొరకలేదు.

పది రోజులకు ఆమె మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా బడుల కమిటీలో పేపర్ చూపించినారన్నా. మేమే ఒప్పుకున్నామంట. నేను లేచినానా లేదా?"

"లేచినావమ్మా."

"నువ్వాడ్నే ఉంటివి గదా. మరి ఇట్లెట్ల రాసినావు?"

పేజీ సంగతి, టైము సంగతి చెప్పాను. హోంవర్క్ చేయని పిల్లవాడి సాకు విన్నట్టు ఓపికగా విన్నది.

"అంటే మేం నోరు తెరవకముందే రాసేసినావు."

అవునన్నాను.

"మా పల్లెలో అందరూ చదివినారు. నేనే తలకాయ ఊపి వచ్చినాననుకుంటన్నారు. పిల్లోళ్ల తల్లులు నాతో మాట్లాడటంలే."

ఆమె ఎదుటే డెస్కుకు ఫోన్ చేసి సవరణ వేయమని అడిగాను. "కేసేమన్నా వేస్తామన్నారా సార్? లేదు కదా, వదిలేయండి" అన్నాడు అటువైపు మనిషి. ఆ మాట ఆమెకు వినబడింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది.

జూన్‌లో ఆ బడి తెరవలేదు. ఆమెను టౌన్ బడికి రమ్మంటే పోలేదని విన్నాను. మిరప కోతలప్పుడు అటువైపు వెళితే, తల్లుల వెనక కాయలు కోస్తున్న ఆడపిల్లల్లో ఇద్దరు నన్ను చూసి గుడ్మార్నింగ్ సార్ అన్నారు. ఆమె నేర్పిందే.

మరుసటి మే నెలలో అదే హాలు, అదే శిక్షకుడు, అవే చేతిరుమాళ్లు. ప్రెస్ నోట్ చివర ఈసారీ ఉపాధ్యాయులు ఏకగ్రీవంగా స్వాగతించారనే ఉంది. ఆ రోజు నేను వార్త పంపలేదు. పేజీ పోతే పోయిందని నాలుగింటి దాకా కూర్చున్నాను. ఎవరైనా మాట్లాడతారా అని అయ్యగారు రెండుసార్లు అడిగాడు. టీచర్లందరూ ఒళ్లో ఫైళ్లు పెట్టుకొని తలొంచుకున్నారు. ఒక్కరూ లేవలేదు. ప్రెస్ నోట్‌లో ఉన్నదే జరిగింది.