కేకులావిడ చెయ్యి

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కేకులావిడ అంటే చాలు, పాలవాడు కూడా మూడో అంతస్తు వైపు చెయ్యి చూపించేవాడు. ఆమె మొగుడు ఒక గిడ్డంగిలో పాతికేళ్ళుగా గుమస్తా. పాపం, ఆయనకు అంత పేరు రాలేదు. "కేకులావిడ గారి ఆయన" అనేవాళ్ళు. ఒకసారి సాక్షాత్తూ అతని పై అధికారే కొత్తవాళ్ళకు అలా పరిచయం చేశాడు. ఆ రోజు మొగుడు ఇంటికొచ్చి భోజనం సహించడం లేదన్నాడు. పిచ్చిది, అజీర్తి కాబోలనుకుని ఆమె వేడినీళ్ళు కాచి ఇచ్చింది.

ఆమె కేకు చేసేది, అతను కారులో చేరవేసేవాడు. ఆమె వెనక సీట్లో పెట్టె పక్కన కూర్చుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని వెళ్ళేది. పదేళ్ళపాటు ఒక్క కేకు మీద ఒక్క మాట రాలేదు. ఆ తరువాత ఏ గాలి సోకిందో, పెట్టె తెరిచేసరికి కేకు పై అంతస్తు పక్కకి జారిపోయి ఉండటం, క్రీము పగుళ్ళిచ్చి ఉండటం మొదలైంది.

"నీ చెయ్యి పోయింది," అన్నాడు మొగుడు, మొదటిసారికే. డాక్టరైనా ఒక పూట ఆగి తేల్చేవాడు.

ఆమె నమ్మింది. మొగుడు కదా మరి. పిండి పాళ్ళు మార్చింది, క్రీము గట్టిపడేదాకా గిలక్కొట్టింది, అంతస్తుల మధ్య పుల్లలు గుచ్చింది. ఇంట్లో బల్ల మీద కోటలా నిలబడ్డ కేకు ఊరు దాటేసరికి కూలిపోయేది. కింది వాటా పిల్ల పుట్టినరోజు కేకు మెట్లమీదుగా మోసుకెళ్తే మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మాట సంబరంగా చెప్పబోతే, "అంత చిన్నది ఎవరైనా చేస్తారు," అన్నాడు.

కారు మీద ఆమెకు అనుమానం రాకపోలేదు. బ్రేకు వేస్తే ముందుభాగం నేలకి వంగేది. మలుపు తిరిగితే మొత్తం ఒక పక్కకి ఒరిగేది. స్పీడుబ్రేకరు దాటిపోయాక కూడా వెనకభాగం మూడు నాలుగుసార్లు పైకీ కిందకీ ఊగేది.

"ఏమండీ, ఇదివరకు ఇలా ఊగేదా ఇది?" అని అడిగింది ఒకరోజు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. కేకు చెడితే బండిదా తప్పు?"

డ్రైవింగు రాని మనిషి, ఇంకేం మాట్లాడుతుంది? పోనీ బయటి కారు పిలుద్దామంటే, "నేను చచ్చానా?" అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం; గట్టిగా కూడా అనలేదు.

చివరి కేకు ఒక పంతులమ్మ కొడుకు పెళ్ళికి. ఆవిడ పదేళ్ళ నుంచీ వాడుక. హాల్లో రెండు వందల మంది ముందు పెట్టె తీస్తే మూడంతస్తులూ ఒక కుప్ప. కొత్త పెళ్ళికూతురు నవ్వాపుకోలేకపోయింది. పంతులమ్మ నవ్వలేదు.

"చేతకాకపోతే ముందే చెప్పాల్సిందమ్మా. ఈ ఏడాదంతా జాలిపడే నీకిస్తున్నాను," అంది.

నేల మీద పడిన క్రీము కేకులావిడ మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. అతిథులు ఆమె చేతుల్ని దాటుకుంటూ వెళ్ళారు. మొగుడు గోడ పక్కన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. తిరుగుదారిలో మాత్రం ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. "ఇక చాల్లే. కష్టపడ్డావు. ఇంటిపట్టున ఉండు." ఆ ఒక్క మంచిమాటకి ఆమె వెక్కి వెక్కి ఏడ్చి, మీరున్నారు కాబట్టి బతికానంది. వారం తిరక్కుండా ఓవెన్ ఒక బేకరీవాడికి అమ్ముడైపోయింది. మొగుడే బేకరీవాడి మనిషితో కలిసి దాన్ని మూడంతస్తులు దింపాడు.

పదిరోజుల తరువాత ఇద్దరూ ఆమె అక్క ఇంటికి బయలుదేరారు. కారు షెడ్డులో ఉంది, అక్కడినుంచే వెళ్దామన్నాడు. షెడ్డు మెకానిక్కు నోట్లో నువ్వుగింజ నానని మనిషి. పాత కాగితం మీద నాలుగు నల్లటి గొట్టాలు పరిచి ఉంచాడు.

"చూడండమ్మా మీ షాకబ్జార్బర్లు. బండి ఊగకుండా పట్టి ఉంచేవి ఇవే. నూనంతా కారిపోయి చచ్చి ఊరుకున్నాయి. ఈ పాత టైరు తడమండి, ఒకచోట అరిగింది, ఒకచోట ఎత్తుగా ఉంది. ఇప్పుడు కొత్తవేశాను, చూడండి." డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కి వదిలాడు. కారు ఒక్కసారి లేచి నిలబడిపోయింది. "ఇదివరకు నొక్కితే ఉయ్యాలే. పోయినేడే చెప్పాను సారుకి. అమ్మగారు కేకులు తీసుకెళ్తారు కదా, దీంట్లో ఏ కేకూ నిలవదు సార్ అని కూడా అన్నాను. ఉండనీలే అన్నారు."

మొగుడు తేలు కుట్టిన దొంగలా తాళాలగుత్తి చూసుకుంటున్నాడు.

ఆమెకు ముందు కలిగింది కోపం కాదు, సంతోషం. చెయ్యి పోలేదు. ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికయింది. ఆ తరువాత, ఓవెన్‌ని గుడ్డ చుట్టి మెట్లు దింపడం గుర్తొచ్చింది. అలవాటుగా వెనక సీట్లోనే కూర్చుంది. మొదటి స్పీడుబ్రేకరు మీద కారు ఎక్కి దిగినట్టే తెలియలేదు.

"తెలిసే చేశారా?" అంది.

అతను మలుపు తిప్పాడు. అన్యాయం జరిగింది తనకే అన్నట్టు గొంతు పెంచాడు.

"నువ్వొక్కదానివే పడ్డట్టు మాట్లాడకు. ఆ కుదుపులకి నా నడుం విరిగింది. పద్నాలుగు నెలలు, పొద్దునొక మాత్ర, సాయంత్రమొక మాత్ర వేసుకుని నడిపాను. నేనెప్పుడైనా నోరెత్తానా?"

అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. అద్దంలోంచి వెనక్కి చూశాడు, ఆమె అయ్యో అంటుందేమోనని.