ఎదురెదురు పీటలు

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, పలాస దగ్గరి మా ఊళ్లో మా చిన్నాన్నకు జీడిపప్పు షెడ్డు ఉండేది. కాల్చిన జీడిపిక్కను చెక్క సుత్తితో కొట్టి, పెంకులోంచి పప్పు విరగకుండా తీయాలి. ఏ ఆడమనిషి పిక్క ఆమే కొట్టుకుని, ఆమే తీసుకునేది.

ఒక వేసవిలో చిన్నాన్నకు కొత్త ఆలోచన వచ్చింది. కొట్టేవాళ్లు కొడుతూనే ఉండాలి, తీసేవాళ్లు తీస్తూనే ఉండాలి, అప్పుడు పని పరుగెడుతుందన్నాడు. కబుర్లు సాగకుండా మధ్యలో తడిక కూడా కట్టించాడు. పని నిజంగానే పరుగెత్తింది. కానీ గంపల్లో నిండు పప్పు తగ్గి బద్దలు పెరిగాయి. తప్పంతా మా పక్కింటి అత్త సుత్తిదేనని తేల్చి, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. అత్త మా అరుగు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే నాకు అన్నం సయించలేదు.

మా నాయనమ్మ కొడుకును పిలిచింది. "ఒరే, కొట్టినదానికి పప్పు అగుపడదు, తీసినదానికి దెబ్బ అగుపడదు. ఇరక్క ఏటవుతాది? రేపొక్కరోజు షెడ్డు నాకొగ్గీ, నాను సూసుకుంటాను" అంది.

మర్నాడు అత్తను మళ్లీ పిలిపించి, తడిక విప్పించి, పీటలు ఎదురెదురుగా వేయించింది. అత్త కొట్టిన పిక్కలు తీయడానికి, అదే షెడ్డులో పప్పు తీసే ఆమె ఆడబడుచునే కూర్చోబెట్టింది. ఆ ఇద్దరి నోళ్లూ ఊరందరికీ తెలిసినవే.

"ఏటే మరదలా, పిక్కని కొడతన్నావా, మా తమ్ముణ్ని కొడతన్నావా?"

"మీ తమ్ముడైతే ఇంకా గట్టిగా కొడుదును గానీ, ఆ పప్పు ఇలాగ సూపించు వదినా."

చూసింది. సుత్తి కాస్త తేలిక చేసింది. భోజనాలయ్యాక నాయనమ్మ ఇద్దరి పీటలూ మార్పించింది. ఏ దెబ్బకు పప్పు చెదురుతుందో అప్పుడు అత్త వేళ్లకే తెలిసింది. వేళాకోళం ఆడే వంతూ ఆమెదైంది. సాయంత్రానికి గంపలో నిండు పప్పు మళ్లీ కనబడింది.

చిన్నాన్న రెండు పప్పులు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, రేపు పెందలాడే రా" అన్నాడు.

"వస్తాను గానీ, ఆ తడిక మా కోళ్లకి ఇచ్చీరా" అంది అత్త. షెడ్డంతా నవ్వింది.

అప్పటికి నాకు డైరీ రాసే అలవాటు లేదు. రాయకుండానే ఆ రోజు నిలిచిపోయింది. తర్వాత ఉద్యోగంలో నా కింద మనుషులు పనిచేసినప్పుడు, ఎవరికి ఏ పని అప్పగించినా, అది ఎవరి చేతికి వెళుతుందో చూపించి, ఆ ఇద్దరినీ దగ్గర దగ్గరగా కూర్చోబెట్టేదాన్ని. వాళ్ల నవ్వులు నా గది దాకా వినిపించినా, తలుపు వేయమని మాత్రం ఎన్నడూ అనలేదు.