ఉప్పుకాలవకు పది రోజుల సెలవు

కరోనాకు ముందటి ఏడాది జూన్ బదిలీల్లో నన్ను అల్లూరుకు మత్స్య అభివృద్ధి అధికారిగా వేశారు. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. జిల్లా కేంద్రంలో సంయుక్త సంచాలకులు, వారి కింద సహాయ సంచాలకులు, ఆ కింద మేము. మీ కింద ఎవరున్నారని అడిగితే రొయ్యలున్నాయని చెప్పేదాన్ని. అవి కూడా మా మాట వినేవి కావు. (ఇందులో రైతుల పేర్లు మార్చి రాస్తున్నాను. రొయ్యలకు ఎలాగూ పేర్లు లేవు.)

నా పరిధిలో ముఖ్యమైనది ఒక ఉప్పుకాలవ. సముద్రం పోటుకు నిండి, పాటుకు తగ్గే ఆ కాలవకు రెండు గట్ల వెంట అరవై మందికి పైగా రైతుల రొయ్యల గుంటలుండేవి. అందరూ మోటార్లు పెట్టి నీళ్లు తోడుకునేది అందులోంచే. పట్టుబడి, అంటే వలేసి రొయ్యలన్నీ పట్టేయడం, అయ్యాక తూము పలకలు ఎత్తి నీళ్లు వదిలేదీ అందులోకే. అంటే పై రైతు గుంట కడిగిన నీళ్లే కింది రైతు గుంటకు కొత్త నీళ్లు. ఒక గుంటకు తెల్లమచ్చ రోగం తగిలిందంటే, ఆ నీళ్ల వెంటే కింది గుంటకు చేరుతుంది. రైతులు దాన్ని వైట్ స్పాట్ అనే అంటారు. దానికి మందు లేదు. రొయ్యలు మేత మానేసి గట్టు వారకు చేరతాయి, పెంకు మీద సున్నపు చుక్కల్లాంటి మచ్చలు తేలతాయి, వారం తిరిగేసరికి గుంట ఖాళీ.

ఛార్జి అప్పగింతలో నాకు దక్కినవి ఒక బీరువా, వేరే బీరువాది ఒక తాళంచెవి, ఫోన్లో ఒక గ్రూపు. మా ముందటి అధికారి మెసేజి యాప్‌లో కాలవ రైతులందరినీ చేర్చి ఆ గ్రూపు పెట్టారు, వెళ్తూ నన్ను అడ్మిన్‌ను చేశారు. అడ్మిన్ అంటే మనుషుల్ని చేర్చగలిగే, తీసేయగలిగే అధికారం ఉన్నవాడు. మా శాఖలో నాకు లేని అధికారం అది.

యాప్ పద్ధతి ఆ వయసులో నాకు వింతగానే ఉండేది. మనం పంపిన మాట పక్కన ఒక టిక్కు పడితే మన ఫోను దాటింది, రెండు పడితే అవతలి ఫోనుకు చేరింది, అవి నీలంగా మారితే చదివారు. అంతకు ముందు నేను సంతకం పెట్టిన సర్క్యులర్ ఊళ్లకు చేరడానికి నాలుగు రోజులు పట్టేది, చదివారో లేదో దేవుడికే తెలియాలి. ఇప్పుడు నాకు కూడా తెలుస్తోంది. ఆ ఉత్సాహంలో మైకు బొమ్మ మీద వేలు ఆనించి మరిచిపోయి, ఇస్త్రీ అతనితో నేను పెట్టుకున్న తగాదా మొత్తాన్ని నా మొదటి అధికారిక సందేశంగా గ్రూపుకు పంపాను. మరునాడు రమణయ్య అనే పెద్ద రైతు ఆఫీసుకే వచ్చి పరామర్శించాడు.

"గంజి ఎక్కువయిందా మేడమ్, ఇస్త్రీ తక్కువయిందా? ఇంటిల్లిపాదీ కూర్చోని వినినాం."

ఈ రమణయ్యే గ్రూపుకు ప్రాణం. తెల్లవారగానే గులాబీలు, తామరలు, వాటి మీద శుభోదయాలు కురిపించేవాడు. మిగిలినవాళ్లు దండాలు పెట్టేవారు. కాని రోగం గురించి ఆ గ్రూపులో ఒక్క అక్షరం ఉండేది కాదు. మరీ తప్పకపోతే 'గుంట కొంచెం డల్‌గా ఉండాది' అనేవారు. కారణముంది. రోగం మాట బయటికి పొక్కితే కొనుగోలుదారు రాడు, వచ్చినా రేటు విరుస్తాడు, ఇరుగుపొరుగు శాపనార్థాలు పెడతారు. అందుకని ఎవరికి వారు గప్‌చుప్‌గా పట్టుబడి చేసి, పలకలు ఎత్తి, నీళ్లు వదిలేసి చేతులు దులుపుకోవడం అక్కడి ఆచారం. అలా చేయకూడదని అందరికీ తెలుసు. అందరూ అదే చేసేవారు.

సెప్టెంబరులో, పంట రెండు నెలల వయసులో ఉండగా, పెంచలయ్య అనే రైతు నాకు విడిగా ఒక ఫొటో పంపాడు. చెక్ ట్రేలో, అంటే మేత తిన్నాయో లేదో చూసే చిన్న వల పళ్లెంలో, మచ్చలు తేలిన నాలుగు రొయ్యలు. నమూనా తెప్పించి ల్యాబుకు పంపితే వైట్ స్పాట్ అనే తేలింది. తనంతట తాను చెప్పిన మొదటి రైతు అతను. అతనికి నేను చేసిన మేలు చూడండి: అందరినీ హెచ్చరించాలన్న తొందరలో ఆ ఫొటోనే గ్రూపులో పెట్టి, జాగ్రత్తలు రాశాను. పేరు రాయలేదు కదా అని నా ధైర్యం. ట్రే వెనక అతని మోటారు షెడ్డు కనబడుతోందని నేను చూడలేదు. కాలవ మొత్తం చూసింది.

పది నిమిషాల్లో నాకు ఫోన్లు మొదలయ్యాయి. గాబరాపడి ఫొటోను చెరిపాను. చెరపడంలో రెండు రకాలున్నాయి. 'అందరికీ చెరుపు' అన్నది నొక్కితే అందరి ఫోన్లలోంచీ పోతుంది. 'నాకు మాత్రం చెరుపు' నొక్కితే మన ఫోనులోంచే పోతుంది. నేను రెండోది నొక్కాను. దాంతో ఊరంతా చూస్తున్న ఫొటో నా ఒక్కదానికే కనబడకుండా పోయింది, పని అయిపోయిందని నేను నిశ్చింతగా టీ తాగాను. సాయంత్రానికి పెంచలయ్యతో మాట్లాడుకున్న కొనుగోలుదారు వెనక్కి తగ్గాడు. 'పెంచలయ్య గ్రూపు నుండి వెళ్లిపోయారు' అని యాప్ అందరికీ చాటింపు వేసింది. నీలి టిక్కుల కంటే వేగంగా నీలివార్తలు పాకాయి.

స్కూటరు మీద అతని గుంట దగ్గరికి వెళ్లాను. గట్టు మీద కూర్చున్నవాడు లేచి నిలబడలేదు.

"ఇప్పుడెందుకొచ్చినారు మేడమ్? ఇంకో ఫొటో తీసేదానికా?"

తప్పు నాదేనన్నాను. అతను వినిపించుకోలేదు. "నా ఒక్కడి గుంటే పోయినట్టు పెట్టినారే! పైన ఇంకా ఎన్ని పోయినాయో మీకు తెలుసునా? వాళ్లు నోరిప్పలా, నేనిప్పినా. రేపు పలకలు ఎత్తేస్తా, ఎవురొద్దంటారో చూస్తా."

అతని గుంటకు దిగువనే సువార్తమ్మ గుంటలు రెండున్నాయి. ఏళ్ల తరబడి ఇతరుల గుంటల్లో కూలికి మేత చల్లిన మనిషి, ఆ ఏడే కౌలుకు తీసుకుని సొంతంగా వేసిన మొదటి పంట. పలకలు లేస్తే ఆ నీళ్లు మొదట చేరేది ఆమె మోటారుకే. ఆ మాటే అన్నాను. పెంచలయ్య గొంతు తగ్గించాడు.

"ఆమె నా గుంటల మీద ఆరేళ్లు మేత చల్లింది. నాకు తెలీదా? నాలుగు రోజులు ఆపుతా. వలేసి పట్టుకుంటా, నీళ్లు వదలను. ఆ లోపల పైవాళ్లు గూడా ఆపకపోతే నేనాపి ఏం లాభం? నా పేరు మాత్రం ఇంక యాడా చెప్పబాకండి."

కాబట్టి నాలుగు రోజుల్లో నాకు కావలసినవి మూడు. ఇంకా ఎవరి గుంటలకు రోగం ఉందో తెలియాలి. వాళ్లు నీళ్లు వదలకుండా, బ్లీచింగ్ వేసి నిలవబెట్టాలి. మిగిలినవాళ్లంతా కాలవ నీళ్లు తోడడం ఆపాలి. మొదటిది లేకుండా మిగతా రెండూ లేవు. గ్రూపులో అడిగితే ఎవరూ చెప్పరు. గుంట గుంటకూ తిరిగి అడిగితే గట్టు మీద నా స్కూటరు కనబడిన గుంటకే రోగం అంటగడతారు.

దారి చూపింది మా ఇంటి యజమానురాలు. ఆమె చర్చి పాస్టరుగారి భార్య, ఊరంతా పాస్టరమ్మ అంటారు. నా దిగులు విని నవ్వింది.

"అదేముందమ్మా, బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉండాది గదా! నేను రోజూ నూటయాభై మందికి వాక్యం పంపిస్తా. పాస్టరమ్మ నాకే ప్రత్యేకంగా పంపిందని ఒక్కొక్కరూ అనుకుంటారు. నేను గూడా అట్టాగే అనుకోనిస్తా."

గ్రూపుకూ దీనికీ తేడా అక్కడే ఉంది. గ్రూపులో ఒకరి మాట అందరికీ వినబడుతుంది, జవాబు కూడా అందరికీ వినబడుతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో ఒకే మాట ఎవరి పెట్టెలోకి వారికి విడివిడిగా వెళ్తుంది, జవాబు పంపినవారికే వస్తుంది. పక్కవాడికి ఏం వెళ్లిందో, అతనేమన్నాడో ఎవరికీ తెలియదు. నేను ఆ రాత్రే పేర్లన్నీ చేర్చి ఒక పరీక్ష సందేశం పంపాను. సగం మందికి కూడా చేరలేదు. మెలిక ఏమిటో పాస్టరమ్మే చెప్పింది: అవతలివాళ్లు మన నంబరును తమ ఫోనులో దాచుకుని ఉంటేనే అది వెళ్తుంది. గ్రూపులో రోజూ నాకు దండాలు పెట్టేవాళ్లలో సగం మందికి నా నంబరు దాచుకోవాలని తోచనేలేదు!

రెండు రోజులు స్కూటరు మీద అన్ని గట్లూ తిరిగాను. అందరి దగ్గరా ఆగాను కాబట్టి ఎవరి మీదా అనుమానం రాలేదు. రోగం మాట ఎత్తలేదు, నా నంబరు దాచుకోండి అని మాత్రమే అడిగాను. ఒకరు 'రొయ్య మేడమ్' అని, ఒకరు 'ఇస్త్రీ మేడమ్' అని రాసుకున్నారు. ఒక పెద్దాయన ఫోనులో నా నంబరు అప్పటికే ఉంది, 'ఎత్తొద్దు' అన్న పేరుతో. చదవడం రాని సువార్తమ్మ పేరుకు బదులు రొయ్య బొమ్మ పెట్టించుకుంది.

మూడో రోజు పొద్దున నా గొంతుతోనే సందేశం పంపాను. తెలుగు టైపు చేయలేనివాళ్లకు, చదవలేనివాళ్లకు అదే దారి. ఈసారి వేలు తెలిసే ఆనించాను. "మీ గుంటలో మేత మిగులుతోందా? రొయ్య వారకు వస్తోందా? అలా ఉంటే ఒక్క మాట చెప్పండి. జవాబు నాకొక్కదానికే వస్తుంది. పేరు బయటికి రాదు. మొన్న ఫొటో విషయంలో నేను చేసిన తప్పు మళ్లీ చేయను." చివరి వాక్యం ముందుగా అనుకున్నది కాదు. ఆ వాక్యమే పనిచేసిందని తరవాత చాలామంది చెప్పారు.

మధ్యాహ్నానికి నలభై జవాబులు దాటాయి. చాలావరకు 'బాగుండాయి మేడమ్' అన్నవే. ఒకరు మాట లేకుండా మేత మిగిలిన చెక్ ట్రే ఫొటో పంపారు. ఒకరు 'డల్' అని ఒక్క ముక్క రాశారు. మూడో జవాబు గొంతు సందేశం. మొదట గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరియేటరు చప్పుడు, ఆ తరవాత రమణయ్య గొంతు.

"మేడమ్, నాకు గూడా వచ్చినాది. పదైదు రోజుల నాడు ఒక గుంట నీళ్లు వదిలేసినా. రెండోది ఇప్పుడు డల్ అయింది."

కాలవలో అందరికంటే ఎగువన ఉన్నది అతని గుంటలే. ఆ పదిహేను రోజులూ గులాబీలు ఒక్కరోజు కూడా ఆగలేదు.

ముగ్గురినీ తమ తూము దగ్గర నిలబడి లొకేషన్ పంపమన్నాను. మనమున్న చోటును పటం మీద గుర్తుగా పంపే సౌకర్యం అది. పెంచలయ్యదీ కలిపి నాలుగు గుర్తులను ఆఫీసు పటం మీద ఎర్ర ఇంకుతో వేశాను. నలుగురికీ విడివిడిగా బ్లీచింగ్ మోతాదు చెప్పాను. నాలుగో రోజు తెల్లవారే లోపల నాలుగు తూములకూ పలకలు బిగించి, సందుల్లో బంకమట్టి కొట్టారు. ఆ తరవాత గ్రూపులో ఒకే ఒక మాట పెట్టాను: ఎగువన నాలుగు గుంటలకు రోగముంది, నాలుగూ కట్టుదిట్టంగా ఉన్నాయి, ఈరోజు నుంచి పది రోజులు కాలవకు సెలవు, ఎవరూ తోడవద్దు, వదలవద్దు. పుకార్లు లేవకుండా అడ్మిన్ తప్ప ఎవరూ రాయలేని విధంగా గ్రూపును బిగించాను. అంత కష్టంలోనూ రమణయ్య నాకు విడిగా ఫోను చేసి అడగనే అడిగాడు: "పది రోజులు శుభోదయం లేకుండా ఎట్టా తెల్లారేది మేడమ్?"

ఆ పది రోజులూ ఎండ మాడ్చింది. గుంటల్లో నీళ్లు జానెడు తగ్గి పచ్చబడ్డాయి. ఏడో రోజు సువార్తమ్మ నుంచి గొంతు సందేశం వచ్చింది. "నీళ్లు చిక్కబడిపోయినాయమ్మా. మోటారు పక్కనే ఉండాది, చెయ్యి లాగతా ఉండాది. తోడమంటారా?" తోడవద్దన్నాను, ఏరియేటర్లు ఆపకుండా తిప్పి, మేత సగానికి తగ్గించమన్నాను. సరేనంది. మరునాటి నుంచి పొద్దున్నే ఖాళీ చెక్ ట్రే ఫొటో పంపడం మొదలుపెట్టింది. ట్రే ఖాళీగా ఉందంటే రొయ్యలు తింటున్నాయని అర్థం. నేను ఆఫీసుకు వెళ్లేముందు దేవుడి పటం కంటే ముందు ఆ ట్రేకు దండం పెట్టుకున్న మాట దాచను.

పదకొండో రోజు నాలుగు గుంటల నీళ్లకూ, ఈ రోగాన్ని మోసే పీతల్ని కాలవలో పట్టి వాటికీ పరీక్ష చేయించాం. రోగం జాడ లేదు. ఆ నాలుగూ, రమణయ్య ముందే వదిలేసిన గుంటా తప్ప కాలవ పొడుగునా ఒక్క గుంట కూడా పోలేదు. మా శాఖలో అంతవరకు నేను వినని సంగతి అది. గట్టు మీద సమావేశం పెట్టి ఆ ఫలితం చదువుతుండగా, ఎవరూ అడగకుండానే రమణయ్య లేచాడు. మొదట నీళ్లు వదిలింది తనేనని అందరి ముందూ చెప్పాడు. పెంచలయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"అన్ని పూలు పంపిస్తా ఉంటే అనుకున్నా అన్నా, ఎవురి మెడలోనో దండ పడతాదని. నా మెడలో పడినాది."

గట్టంతా నవ్వింది. రమణయ్య కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. పెంచలయ్య నా వైపు తిరిగి, తనను మళ్లీ గ్రూపులో చేర్చమన్నాడు.

పెంచలయ్యకు నా వల్ల పోయిన బేరం తిరిగి రాలేదు. దానికి నేను చేయగలిగిందేమీ లేకపోయింది. సువార్తమ్మ పంట మాత్రం నిండుగా వచ్చింది. పట్టుబడి రోజున వల లాగింది పెంచలయ్యే, రొయ్యలు నింపి లారీకి ఎత్తబోతున్న మొదటి ట్రేను పట్టుకుని ఆమె నన్ను కూడా ఫొటోలో నిలబెట్టింది.

తరవాత పదవీ విరమణ దాకా రెండు చోట్ల పనిచేశాను. రెండు చోట్లా మొదటి వారంలో గట్లన్నీ తిరిగి నా నంబరు ప్రతి రైతు ఫోనులో ఉండేలా చూసుకున్నాను, గ్రూపు తెరిచింది ఆ తరవాతే. రోగం విషయం గ్రూపులో ఎన్నడూ అడగలేదు. చెప్పినవాడికి నష్టం లేదని తేలితేనే నిజం బయటికి వస్తుంది. ఆ హామీ ఇవ్వడం అధికారి పని, యాప్ దాన్ని చేరవేస్తుంది, అంతే. కొత్తగా చేరిన అధికారులకు శిక్షణలో ఈ సంగతి చెప్పేటప్పుడు ముందుగా చెరపడం నేర్పించి, ఆ తరవాతే పంపడం నేర్పించేదాన్ని.