మా జట్టుకు ఆసు అక్కర్లేదన్నవాణ్ణి

దమ్మామ్‌లో పదకొండేళ్లు ఏసీ మెకానిక్‌గా పనిచేశాను. అక్కడ ఏం చేశావని ఎవరైనా అడిగితే ఏసీల సంగతి చెప్తాను. బేస్‌బాల్ ఆడానని మాత్రం చెప్పను. చెబితే ఆ ఆట ఏమిటో వివరించాలి. వివరిస్తూ పోతే చివరికి ఒక మనిషి ప్రస్తావన రాక తప్పదు.

ఆ ఆట మాకు యుద్ధం వల్ల వచ్చింది. కంపెనీ కాంపౌండులో అమెరికన్ ఇంజనీర్ల కుటుంబాలు ఉండేవి. కువైట్ మీద దాడి జరిగాక ఆ కుటుంబాలన్నీ వెళ్లిపోయాయి. వాళ్ల పిల్లలు ఆడుకునే మైదానం ఖాళీ అయింది. ఇసుక లేవకుండా వాడేసిన ఆయిల్ చల్లి తొక్కించిన నల్లటి నేల అది. క్లబ్బు స్టోరులో బ్యాట్లు, తోలు గ్లవ్స్, బంతులు పెట్టెలకొద్దీ ఉండిపోయాయి. జనవరిలో క్షిపణుల సైరన్లు మొదలైనప్పుడు మేముండే పనివాళ్ల క్యాంపు నుంచి కూడా చాలామంది ఇళ్లకు పోయారు. నేను వచ్చి అప్పటికి ఎనిమిది నెలలే. ఒకసారి పోతే మళ్లీ వీసా దొరుకుతుందో లేదోనని భయపడి ఉండిపోయాను. కిటికీలకు అడ్డంగా టేపు అంటించుకున్నాం. సైరన్ మోగితే విషవాయువు భయానికి తడి తువ్వాలు ముక్కుకు కట్టుకునేవాళ్లం. పగలు పెద్దగా పని ఉండేది కాదు.

మా క్యాంపులో ఒక ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ బేస్‌బాల్ ఆడినవాడు. ఖాళీగా కూర్చుంటే భయం ఎక్కువవుతుందని మమ్మల్ని మైదానంలోకి లాక్కెళ్లాడు. అతన్నే మేం కెప్టెన్ అనేవాళ్లం. విసరడం నాకు అతనే నేర్పాడు. క్రికెట్ బౌలర్‌లా చేయి చాచి వేయకూడదు, మోచేయి మడిచి గురిపెట్టి విసరాలి. ఎదుటివాడు మూడుసార్లు కొట్టలేకపోతే అవుట్. ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్, మ్యాచ్‌కు ఏడు ఇన్నింగ్స్. మనం నాలుగుసార్లు గురి తప్పితే వాడు ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోతాడు. నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక పరుగు. విసిరేవాడు పిచ్చర్. బ్యాటు పట్టినవాడి వెనక మోకాళ్ల మీద కూర్చుని బంతి పట్టేవాడు క్యాచర్. మొదట్లో నేనే పిచ్చర్‌ని, కెప్టెన్ క్యాచర్. నా గురి ఒక రోజు ఉంటే ఒక రోజు ఉండేది కాదు. అయినా మా పద్నాలుగు మందిలో నాకంటే బాగా విసిరేవాడు లేడు. శుక్రవారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, జుమ్మా నమాజుకు ముందే ముగించేవాళ్లం. ఇన్నింగ్స్ అయి నేను బయటికి వస్తుంటే మావాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్ల కోసమే నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణని అవి ఆగిపోయాకే తెలిసింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మా రూముకు కొత్త ప్లంబర్ వచ్చాడు. ఆర్మూరు వైపు మనిషి, నాకంటే ఆరేడేళ్లు చిన్న. నన్ను అన్నా అని పిలిచేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. మొదటి శుక్రవారం ఊరికే చూడటానికని మైదానానికి వచ్చాడు. గీత బయటికి దొర్లిన బంతిని తీసి కెప్టెన్‌కు విసిరాడు. చాలా దూరం. బంతి నేరుగా పోయి కెప్టెన్ గ్లవ్‌లో పడింది, కెప్టెన్ చేయి కదపనేలేదు. మళ్లీ వేయమన్నాడు. మళ్లీ అక్కడే పడింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే వాడు సిగ్గుపడ్డాడు. హైదరాబాద్‌లో బిల్డింగు పనిచేసేటప్పుడు రెండో అంతస్తు మీద ఉన్న మేస్త్రి చేతికి అందేలా కింది నుంచి ఇటుకలు విసిరేవాడట. అంతకుమించి వాడికి ఏ విద్యా లేదు. నేను ఏడాదిన్నర కష్టపడి నేర్చుకున్నది వాడికి ఇటుకలతో వచ్చేసింది.

రెండు వారాలు తిరగకుండానే కెప్టెన్ వాడిని పిచ్చర్‌ను చేశాడు. తను ఫస్ట్ బేస్‌కు పోయి, నాకు క్యాచర్ కట్టుకునే ఇనుప జాలీ ముసుగు, పెద్ద గ్లవ్ ఇచ్చాడు. ఆట తెలిసినవాడు వెనకాల ఉండాలని నచ్చజెప్పాడు. గొప్ప పిచ్చర్‌ను అమెరికన్లు ఏస్ అంటారని కూడా చెప్పాడు. పేకాడే మావాళ్లకు అది వెంటనే ఎక్కింది. ఆ రోజు నుంచి వాడి పేరు ఆసు.

వాడు ఎంత బాగా వేసేవాడో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చూసేవాళ్లకు బంతి కనిపించేది కాదు, చప్పుడు వినిపించేది. ఆ దెబ్బ నా అరచేతిలో పడేది. శుక్రవారం సాయంత్రానికి వేళ్లు ముడుచుకునేవి కావు. కొట్టేవాడు ఎలా నిలబడ్డాడో చూసి, ఏ బంతి వేయాలో వేళ్లతో సైగ చేసేది నేను. నేను చెప్పినట్టే వేసేవాడు. చప్పట్లు మాత్రం వాడికి. నాకు వాడి మీద కోపం ఉంటే బాగుండేది. కోపం తెప్పించే పని వాడు ఒక్కటీ చేయలేదు. రూములో నా ఎంగిలి పళ్లెం కూడా కడిగేవాడు. అది నాకు మరీ కష్టంగా ఉండేది.

ఒకరోజు మా ఆవిడ ఉత్తరం వచ్చింది. కెప్టెన్ తీసిన జట్టు ఫోటోను ఆసు తన ఇంటికి పంపాడు. వాళ్ల ఊరికీ మా అత్తగారి ఊరికీ రెండు కోసులే. ఆ ఫోటో చేతులు మారి మా ఆవిడ దాకా వచ్చిందట. "టోపీ పెట్టుకొని నిలబడ్డాయన మస్తున్నడని అందరన్నరు. ఆయన పక్క మొకానికి జాలి కట్టుకొని కూసున్నది నువ్వేనట, నిజమేనా?" అని రాసింది. ఆ ఉత్తరాన్ని నేను నాలుగుసార్లు చదివాను. జవాబులో పిల్లల చదువు గురించి రాశాను గానీ ఆ మాటకు జవాబు రాయలేదు.

ఆ ఏడాది, మా ఆట చూసి నేర్చుకున్న క్యాంపులతో కలిపి ఎనిమిది జట్లు ఆడాయి. మొదటి నాలుగు జట్లకు సెమీఫైనల్. మేం రెండో స్థానంలో ఉన్నాం. అది అంతా ఆసు వల్లనే.

సెమీఫైనల్‌కు వారం ముందు మా ఫోర్‌మన్ సెలవు మీద ఇంటికి పోయాడు. ఇంగ్లిష్‌లో రాయడం వచ్చని డ్యూటీ లిస్టు పని నాకు అప్పగించారు. రెండో రోజే రియాద్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రియాద్‌లోని మలాజ్ పేటలో ఒక విల్లాలో పైపులన్నీ మార్చాలి, రెండు వారాలకు ఒక ప్లంబర్‌ను పంపమన్నారు. మా దగ్గర ముగ్గురు ప్లంబర్లు ఉన్నారు. ఎవరినైనా పర్వాలేదన్నారు. నేను పెన్ను పట్టుకుని ఎక్కువసేపు ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. కానీ ఆలోచించలేదు. ఫోను పెట్టేసి వాడి పేరు రాశాను.

వాడికి, కెప్టెన్‌కు ఒకటే మాట చెప్పాను, రియాద్ ఆఫీసువాళ్లు వాడి పేరే అడిగారని. వాడు బట్టలు సర్దుకుంటూ, మ్యాచ్ అయ్యాక పోతే కుదరదా అని ఒక్కసారి అడిగాడు. కుదరదన్నాను. సరే అన్నాడు.

ఆ సాయంత్రం కెప్టెన్ మా రూముకు వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు. సగం హిందీ, సగం ఇంగ్లిష్‌లో అడిగాడు. ఆఖరి మ్యాచ్‌లు ఆసు లేకుండా గెలవగలమా? లేకపోతే పోటీ నుంచే తప్పుకుందామా? మాలో క్రేన్ నడిపే పాకిస్తానీ ఒకడు, ఆసు లేకుండా ఆడటం కంటే ఆడకపోవడం మేలన్నాడు. ఇంకొకరు కూడా తలూపారు. అప్పుడు నేను లేచాను. అంతకుముందు అంతసేపు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆడేది తొమ్మిది మంది, ఒక్కడు కాదన్నాను. వాడు రాకముందు మనం గెలవలేదా అని అడిగాను. కొట్టేవాళ్లు కొడితే, పట్టేవాళ్లు పడితే పిచ్చర్ ఎవరైనా ఒకటేనన్నాను. నేను చెప్పినవన్నీ నిజమే. ఇప్పటికీ అవి తప్పని ఎవరూ అనలేరు. కానీ అవి నా నోటి నుంచి ఎందుకు వస్తున్నాయో నాకు తెలుసు. చివరికి కెప్టెన్ నా భుజం మీద చేయి వేసి, నువ్వే వెయ్యి, నేను పడతానన్నాడు.

సెమీఫైనల్ గెలిచాం. పదమూడు పరుగులు మావి, పదకొండు వాళ్లవి. గిడ్డంగుల క్యాంపు జట్టు అది. ఎనిమిది మందిని గురి తప్పి ఊరికే నడిపించాను. అయినా గెలిచాం, నా మాటే నెగ్గింది. ఆట ముగియగానే నా వైపు వస్తారని మధ్యలోనే నిలబడి ఉన్నాను. అందరూ నన్ను దాటుకుని పోయి క్రేన్ డ్రైవర్‌ను ఎత్తుకున్నారు. చివరి ఇన్నింగ్స్‌లో వాడు బంతిని కంచె అవతలికి కొట్టాడు. ఆసు లేనప్పుడు కూడా చప్పట్లు నాకు రాలేదు.

ఫైనల్ రోజు పొద్దున, మేం మైదానం దగ్గర గ్లవ్స్ తొడుక్కుంటుండగా ఆసు సంచీ పట్టుకుని వచ్చాడు. రియాద్‌లో అక్కడి ఫోర్‌మన్‌ను బతిమాలి, రెండు రోజులకు కాగితం రాయించుకుని బస్సులో వచ్చాడు. అందరూ చుట్టుముట్టారు. మలాజ్ ఇంట్లో కడప వైపు అమ్మ ఒకామె పనిచేస్తోందట. తెలుగువాడు కనబడ్డాడని రోజూ రాగిసంకటి చేసి పెట్టిందట. నేను వాడిని ఎక్కడికో తరిమేశాననుకున్నాను. వాడక్కడ నాకు మూడేళ్లుగా దొరకని ఇంటి తిండి తింటున్నాడు.

ముఖం కడుక్కోవడానికి వాడు కుళాయి దగ్గరికి పోతే వెనకే పోయాను. అక్కడ ఎవరూ లేరు.

"అన్నా, రియాదోళ్లు నా పేరు అడగలేదట గదా," అన్నాడు. "ఎవలైనా నడుస్తదన్నరట. గా ఫోర్‌మనే చెప్పిండు."

వాడు వదిలేసిన కుళాయిని నేను కట్టేశాను.

"ఎందుకు రాసినవని అడుగుత లేను. ఇయ్యాల ఎవలు ఏసుడో చెప్పు."

అప్పుడైనా నువ్వే వెయ్యమని ఉండాల్సింది. ఆ మాట నాలుక మీద ఉంది కూడా.

"నేనేస్త," అన్నాను.

"సరే," అన్నాడు వాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

కెప్టెన్ నా దగ్గరికి వచ్చి ఏం చేద్దామని అడిగాడు. వాడు బస్సు ప్రయాణంలో అలసిపోయాడని, చేయి పట్టేసిందని, నన్నే మొదలుపెట్టమన్నాడని చెప్పాను. ఒక్క నిమిషంలో మూడు అబద్ధాలు. కెప్టెన్ బెంచీ వైపు చూశాడు. ఆసు బూట్లు కట్టుకుంటున్నాడు. కెప్టెన్ బంతి నా చేతిలో పెట్టాడు.

అవతలిది రేవు క్యాంపు జట్టు. నా బంతి గురించి వాళ్లకు ముందే తెలుసు, సెమీఫైనల్ చూడటానికి వచ్చారు. మొదటి ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు చేశారు. రెండో ఇన్నింగ్స్‌లో ఇద్దరిని నడిపించాను. మూడోవాడు కొట్టిన బంతి చివరి గీత దాకా పోయింది. ముగ్గురూ చుట్టి వచ్చేశారు, మొత్తం ఐదు పరుగులయ్యాయి. కెప్టెన్ ముసుగు తీసేసి నా దగ్గరికి నడిచి వచ్చాడు. తిట్టలేదు, అరచేయి చాచాడంతే. బంతి ఇచ్చేశాను. అతను నాకు ముసుగు ఇచ్చాడు.

ఆ తర్వాత ఐదు ఇన్నింగ్స్ ఆసు వేశాడు. నా జీవితంలో అంత బాగా విసిరిన మనిషిని చూడలేదు. నేను సైగ చేసిన చోటల్లా పడింది. రేవు జట్టు ఒక్క పరుగు కూడా చేయలేదు. ఒక్కో దెబ్బ నా చేతిలో పడుతుంటే, ముసుగు వెనక నాకు ఏడుపు వచ్చింది. అది పశ్చాత్తాపమని రాస్తే మర్యాదగా ఉంటుంది. అందులో సగమే పశ్చాత్తాపం. వీడిలా ఒక్క ఇన్నింగ్స్ వేసినా చాలు, ఎందుకు నావల్ల కాదు అన్నది మిగతా సగం.

మావాళ్లు కష్టపడి నాలుగు పరుగులు చేశారు. నాలుగు, ఐదు. ఒక్క పరుగుతో ఓడిపోయాం. మొదటి నుంచి వాడే వేసి ఉంటే ఏమయ్యేదో లెక్కపెట్టడం చిన్నపిల్లలకైనా వస్తుంది.

సామాన్లు పెట్టెలో సర్దుతుండగా, అందరి ముందూ కెప్టెన్ ఆసును అడిగాడు, నిజంగా అంత అలసిపోయావా అని. నేను వంగి గ్లవ్స్ లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాను. ఆసు చేతిలోని బంతిని పెట్టెలో వేశాడు. "హా కెప్టెన్, బస్సుల నిద్ర లేకుండె," అన్నాడు తనకు వచ్చిన హిందీలో. అంతటితో ఆ సంగతి అయిపోయింది. చాలా ఏళ్లపాటు వాడి విసురు కంటే ఆ ఒక్క మాట మీదే నాకు ఎక్కువ అసూయ ఉండేది. విసరడం నావల్ల కాదని ఒప్పుకున్నాను. అలాంటి మాట అనడం కూడా నావల్ల కాదని ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

మలాజ్ పని అయ్యాక వాడు తిరిగి రాలేదు. రియాద్‌లోనే ఉంటానని తనే అడిగి రాయించుకున్నాడు. అక్కడ బేస్‌బాల్ లేదు, ఆట మానేశాడని విన్నాను. మరుసటి ఏడాది నేనే మా జట్టు పిచ్చర్‌ని, పోటీ ఎవరూ లేరు. ఎనిమిది జట్లలో ఏడో స్థానంలో నిలిచాం. కెప్టెన్ కూడా పని ముగించుకుని, ఎగ్జిట్ వీసా మీద తన దేశం పోయాడు. ఆ తర్వాత కంపెనీ మైదానంలో షెడ్లు వేసింది.

నేను తిరిగొచ్చిన కొన్నేళ్లకు ఏదో పెళ్లికి పోతూ ఆర్మూరులో బస్సు మారాల్సి వచ్చింది. బస్టాండు ఎదుట పైపులు, కుళాయిలు అమ్మే పెద్ద దుకాణం. గల్లాపెట్టె ముందు వాడు కూర్చున్నాడు, జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూడగానే లేచి వచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. దుకాణం నడుస్తున్న తీరు చూసి నా మనసు ఎప్పటిలాగే చివుక్కుమంది. దాచుకోను.

చాయ్ తాగుతూ అడిగాను, ఆ రోజు నా కోసం అబద్ధం ఎందుకు చెప్పావని.

"ఏ అబద్ధమన్నా?"

గుర్తు చేశాను. బస్సు, నిద్ర, కెప్టెన్ అడిగిన మాట. వాడు నవ్వాడు.

"నిజంగనే నిద్ర లేకుండె అన్నా. పక్క సీటోడు దారంత గురక వెట్టిండు."

నిజంగా మరిచిపోయాడో, నన్ను రెండోసారి కాపాడాడో నాకు తెలియలేదు. ఇంకోసారి అడుగుదామనుకునేలోపు ఒక రైతు వచ్చి రెండంగుళాల పైపు ధర అడిగాడు. వాడు లేచి, టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టి బస్సు కోసం బయటికి వచ్చాను.