బిత్తలస్వామి ముఖానికి మట్టి

నేనొక నవల రాస్తున్నానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు పోటీ పరీక్షలకు చదువుతున్నాననుకుంటారు.

నవల మా ఊరి గుట్టదే. మాది వజ్రకరూరు దగ్గర. ఊరి వెనక గుట్ట మీద ఒక రాతి మనిషి ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి ఉంటాడు. అందుకే అందరూ బిత్తలస్వామి అంటారు. కొన్ని వందల ఏళ్ళ కింద ఈ చుట్టుపక్కల ఆయనను కొలిచే జైనులు ఉండేవారని, తర్వాత వాళ్ళను వెళ్ళగొట్టారని లైబ్రరీలో చదివాను. బడిపిల్లలు చదువుకునేలా రాయాలని మొదలుపెట్టాను. కథలో పద్నాలుగేళ్ళ జైనుల పిల్ల ఉంది. ఊళ్ళో ఉండాలంటే తమ దేవుడి ముఖాన మట్టి కొట్టి మతం మారాలని ఆమెకు చెబుతారు. ఆమె పిడికిట్లోకి మట్టి తీసుకున్న చోట కథ ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె ఏం చేస్తుందో నాకు తెలియలేదు.

ఈ ఏడు శ్రావణం సగమైనా వాన జాడ లేదు. వేరుశనగ పూత మీద వాడిపోతోంది. అలాంటప్పుడు మా ఊరి ఆడవాళ్ళు ఎర్రమట్టిలో పచ్చిమిరపకాయలు నూరి కలిపి బిత్తలస్వామికి పూస్తారు. మంట తాళలేక ఆయనే వానను పిలిచి కడుక్కుంటాడని నమ్మకం. ముఖానికి మాత్రం పెళ్ళికాని పిల్ల పూయాలి. ఈసారి మా జేజి, అంటే నాయన తల్లి, నన్ను తీసుకుపోయింది.

మట్టి పట్టుకున్నాను గానీ చెయ్యి లేవలేదు.

పక్కింటి పెద్దమ్మ నవ్వింది. "ఏమే, స్వామికి గుడ్డల్లేవని సిగ్గా? మొగం చూసి పూయి, కిందికి చూడాకు!"

అందరూ నవ్వారు.

"నేను పూయను" అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను. పక్కనున్న జేజికి తప్ప వినపడలేదు.

"ఏం?"

"ఒకప్పుడు ఈ స్వామిని మొక్కేటోళ్ళను తరిమినారంట జేజీ. వాళ్ళ పిల్ల చేతనే ఈయన మొగాన మట్టి కొట్టించినారంట."

రెండో మాట ఏ చరిత్రలోనూ లేదు. నా కథలోది.

"యాడ విన్నావు?"

"పుస్తకంలో ఉండాది."

ఆ పుస్తకం ఇంకా అచ్చు కాలేదు, అంతే.

జేజి నా చేతిలో మట్టి తీసుకుని స్వామి పొట్టకు, తొడలకు, పాదాలకు పూసింది. ముఖం ముట్టలేదు.

"మొగం ఇడిసిపెడితివే అత్తా!" అంది పెద్దమ్మ. ఈసారి నవ్వలేదు. "మంట పుట్టకుంటే వాన యాడ్నుంచి వస్తాది? మా చెనిక్కాయ ఎండిపోతే ఎవురు పూచీ?"

"నాకు అందలేదు."

"పిల్ల ఉండాది గదా, పూయమను."

"దానికి మిరపకాయ పడదు."

"పడదా! నిన్న మా ఇంట్లో పచ్చిమిరపకాయల ఊరుబిండి నాక్కోని నాక్కోని తినె!"

జేజి ఖాళీ గంప ఎత్తుకుంది.

గుట్ట దిగుతుంటే ఎవరూ మాతో మాట్లాడలేదు. పెద్దమ్మ గొణుక్కుంటూ ముందు నడిచింది. ఆమెను తప్పుపట్టలేను. వాళ్ళకున్నది ఆ ఒక్క చేనే. మాదీ ఎండుతోంది.

"వాన రాకుంటే మనల్నే అంటారు జేజీ" అన్నాను.

"అననీ. ఆ తిట్లు నేను పడతా. నువ్వు కింద చూసి నడువు, ముండ్లుండాయి."